ఆరో ఆటగాడు

1964 జనవరిలో హైదరాబాద్‌లో అంతర్జాతీయ క్లబ్బుల బాస్కెట్‌బాల్ పోటీలు పెట్టారు. మొదటి విడత ఆటలు కొన్ని జిల్లాల్లో ఆడించాలనుకున్నారు. సిలోన్ నుంచి వచ్చిన కొలంబో జట్టు బొంబాయిలో ఆడి, బస్సులో హైదరాబాద్ వెళ్తోంది. దారిలోనే ఉన్న జహీరాబాద్ క్లబ్బుతో ఈ పోటీల్లో దాని మొదటి ఆట పడింది.

జహీరాబాద్ క్లబ్బంటే మొత్తం ఆరుగురు. కెప్టెన్ పీటర్ దవాఖానలో కాంపౌండర్. ముప్పైతొమ్మిదేళ్లు. తక్కిన ఐదుగురికీ బంతి పట్టడం నేర్పింది అతనే. మూడు వారాలు సాయంత్రం పూట మొరం పోసి, నీళ్లు చల్లి, రోలర్ లాగి కోర్టు తయారుచేశారు. ఆ రోలర్ లాగుతుండగానే పీటర్ కుడి మోకాలు పట్టేసింది.

ఆట రోజు పొద్దున భార్య సుమిత్ర మోకాలికి కాపడం పెడుతూ అడిగింది.

"గీ కాలుతోని ఎట్ల ఉరుకుతవు?"

"ఉరుకుత అని ఎవలన్నరు? నేను బయట కూసుంట. పోరగాళ్లు ఆడతరు."

ఆ మాట అనడానికి అతనికి రెండు రోజులు పట్టిందని ఆమెకు తెలుసు. కాపడం గుడ్డ మళ్లీ వేడి చేసి మోకాలికి అద్దింది.

మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలైంది. బొంబాయి రోడ్డు మీద లారీలు ఆపి డ్రైవర్లు టాపులెక్కి కూర్చున్నారు. కొలంబో వాళ్లు చకచకా బుట్టలు వేశారు. సగం ఆట అయ్యేసరికి వాళ్లవి ఇరవై తొమ్మిది, జహీరాబాద్‌వి ఇరవై.

నీళ్లు తాగుతున్న తన వాళ్ల దగ్గరికి పీటర్ కుంటుతూ వచ్చాడు. "వాళ్లు బంతి దిక్కే చూస్తున్నరు, మనిషి దిక్కు చూస్తలేరు. బస్వరాజ్, బంతి ఇచ్చినంక నిలబడకు. వాళ్ల ఎన్కనుంచి బోర్డు కిందికి పో."

బస్వరాజ్ చెరకు రైతు. పరుగులో అతన్ని అందుకునేవాడు లేడు. చెప్పినట్టే చేశాడు. వరుసగా ఆరు బుట్టలు పడ్డాయి. ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా జహీరాబాద్ మూడు పాయింట్లు పైన ఉంది, నలభై ఆరు, నలభై మూడు.

అప్పుడే రెఫరీ విజిల్ వేశాడు. జట్టులో అందరికంటే పొడుగైన మల్లికార్జున్‌ది ఐదో ఫౌల్. ఇక అతను ఆడకూడదు.

"నలుగురితోనే ఆడతారా?" రెఫరీ అడిగాడు.

బస్వరాజ్ బెంచీ దగ్గరికొచ్చాడు. "పీటరన్నా, నువ్వు దిగాలె. ఉరుకుడు మేం ఉరుకుతం."

పీటర్ వెనక్కి తిరిగి చూశాడు. బెంచీ వెనక జనంలో నిలబడి ఆట చూస్తున్న సుమిత్ర చేయి చాచి అతని భుజం మీది తువ్వాల తీసుకుంది.

అతను కోర్టు మధ్యలో నిలబడ్డాడు. "ఆగమాగం గాకున్రి. బంతి నాకియ్యిన్రి," అన్నాడు. వచ్చిన బంతిని ఒక్క క్షణం ఆపేవాడు, ఎవరూ లేని వైపు విసిరేవాడు. కొలంబో వాళ్లు అటు ఉరికి ఇటు ఉరికి అలిసిపోయారు. అయినా ఒక బుట్ట వేశారు. ఒక్క పాయింటే తేడా.

చివరి నిమిషంలో కొలంబో కెప్టెన్ బంతితో నేరుగా బోర్డు మీదికి దూసుకొచ్చాడు. పీటర్ దారిలో కదలకుండా నిలబడ్డాడు. గుద్దుకుని ఇద్దరూ పడ్డారు. విజిల్ మోగింది. తప్పు కొలంబోదని రెఫరీ చేయి చూపించాడు. పీటర్ లేచి, బంతి చేతికి రాగానే కోర్టు ఆ చివరికి విసిరాడు. బస్వరాజ్ అప్పటికే అక్కడున్నాడు. బుట్ట పడింది. నలభై ఎనిమిది, నలభై ఐదు. అంతటితో ఆట ముగిసింది.

జనం కోర్టులోకి వచ్చేశారు. మల్లికార్జున్ పీటర్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఆ ఎత్తు నుంచి పీటర్‌కు లారీల వరుస పక్క ఊరు చిరాగ్‌పల్లి వైపు కనుచూపు మేరా కనిపించింది. తను ఏడుస్తున్నట్టు అతనికి అప్పుడు తెలిసింది.

కొలంబో కెప్టెన్ వచ్చి పీటర్ చేయి పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పీటర్ నవ్వి తన వాళ్లకు చెప్పాడు. "మిగిలిన ఆటలు హైదరాబాద్‌లనే గదా, పొద్దుగాల మా బస్సుల రాన్రి అంటున్నడు."

తెల్లవారి ఆరుగురూ ఆ బస్సెక్కారు. పీటర్‌కు ముందు సీటు ఇచ్చారు. రోడ్డుకు రెండు వైపులా జనం నిలబడ్డారు. బస్సు కదలగానే లారీల హారన్లన్నీ ఒక్కసారి మోగాయి.