ఏరిపెట్టిన గింజలు

యాస్మిన్ వేళ్లకు కళ్లున్నాయని ఆమె అత్త మైమూన్ అనేది. కోడలి గురించి మైమూన్ నోట మంచిమాట రావడం అరుదు కాబట్టి, ప్రొద్దుటూరులో ఆ వీధివాళ్లంతా ఆ మాటను గుర్తుపెట్టుకున్నారు. అందులో అబద్ధం కూడా లేదు. వాళ్లది పరుపులు కుట్టే ఇల్లు. యాస్మిన్ మొగుడు ఇలియాస్ రాజుపాలెం, దువ్వూరు పల్లెలు తిరిగి పాత పరుపులు పట్టుకొచ్చి, దూది విప్పి, ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. పాత దూదిలో ఏమేం ఉంటాయో చెప్పుకుంటే అన్నం సహించదు. వెంట్రుకలు, పత్తిగింజల పెంకులు, పిల్లలు దాచుకుని మరిచిపోయిన చాక్లెట్ కాగితాలు. అవన్నీ ఏరే పని యాస్మిన్‌ది. ఆమె ఏరిన దూదిలో నలుసు కనబడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఆ వేళ్లే ఆమె కొంప ముంచాయి.

ఈ కాలంలో పాత పరుపు ఏకించుకునేవాళ్లు ఎవరున్నారు? ఫోను నొక్కితే ఫోము పరుపు చాపచుట్టలా గడప ముందుకొచ్చి పడుతోంది. ఇలియాస్ దూదేకే మిషను గోతం కప్పుకుని పంచలో మూలకు చేరింది. చివరికి అతను పులివెందులలో ఒక ఫోము పరుపుల అంగట్లో గలీబులు కుట్టే పనికి కుదిరాడు. తన పొట్ట కొట్టిన ఫోముకే చొక్కాలు కుట్టే బతుకైంది. అంగట్లోనే పడుకుని, ఏదైనా శుక్రవారం వచ్చిపోయేవాడు. అతను పంపేది ఇంటి బాడుగకు, అత్త బీపీ మాత్రలకు పోగా వంటింటి దాకా వచ్చేది తక్కువ.

సరిగ్గా అప్పుడే నాలుగేళ్ల సుహానా వాడిపోయింది. ఆడుతూ ఆడుతూ గడప మీదే నిద్రపోయేది. బలపాలు కొరికేది, గోడ సున్నం గీకి నాకేది. కొడితే ఏడ్చే ఓపిక కూడా లేక అలా చూసేది. యాస్మిన్‌కు భయం వేసి పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయింది. డాక్టరమ్మ పిల్ల కింది రెప్ప లాగి చూసి, రక్తం తీయించింది.

"రక్తం చాలా తక్కువుందమ్మా. ఏం తింటుంది?"

"ఒట్టి అన్నం, పప్పు మేడమ్. ఇంకేం పెట్టినా ఉమిసేస్తాది."

"ఆకుకూరలు, గుడ్లు, కార్జం అలవాటు చెయ్యి. ఈ సిరప్పు తాపించు. నెల పోయాక మళ్లీ చూస్తా. అప్పటికి పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని రక్తం ఎక్కించాల్సి వస్తుంది."

రక్తం ఎక్కించడం అన్న మాట యాస్మిన్ చెవిలో ఇంటిదాకా మోగింది. ఆమె చెల్లెలు ఒకతి అలాగే మంచం మీద గొట్టాలతో పోయింది. తన బిడ్డకు సూది గుచ్చే అవసరం రానివ్వనని, వంటింట్లోనే ఆ రక్తం పుట్టిస్తానని ఆమె పంతం పట్టింది. పంతం పట్టడానికి దుడ్లు అక్కర్లేదు కదా.

మొదట టీ మానేసింది. పాలు, చక్కెర మిగిలాయి. నూనె గరిటెతో పోయడం మాని, గుడ్డముక్క ముంచి పెనానికి రుద్దింది. కందిబేడల్లో సగం మునగాకు కలిపింది. ఆ ఆకు పక్కింటి గోడ మీదుగా వాలిన కొమ్మది కాబట్టి ఉచితం. పొద్దు వాలాక మార్కెట్టుకు పోయేది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఇంటికి పోయే తొందరలో వాడిన గోగాకు కట్టలను అడిగినంతకు ఇచ్చేవాళ్లు. కోళ్ల అంగట్లో అందరూ కండ కొనుక్కుంటే ఆమె కార్జాలు అడిగేది. జొన్నరొట్టె, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి, ఇలా ఏ పుస్తకం చదివినా ఇంతకంటే మంచి తిండి చెప్పదు. తంటా ఒక్కటే, సుహానా ఏదీ మింగేది కాదు. కార్జం నాలుక మీద పెడితే కక్కేది. సిరప్పు గోడ మీదికి ఉమిసేది. చివరికి పిల్ల కడుపులోకి దిగేది అన్నం ఒక్కటే.

ఆ అన్నం కూడా ఇప్పుడు రేషను స్టోరు బియ్యంతోనే. మునుపు ఆ బియ్యాన్ని వీధిలోకి వచ్చే బేరగాడికి ఇచ్చేసి సన్నబియ్యం కొనుక్కునేవాళ్లు. ఊళ్లో సగంమంది చేసేదదే. ఇప్పుడు ఆ వైభోగం కుదరదు. బియ్యం బండి వీధిలోకి రాగానే యాస్మిన్ తపేలా పట్టుకుని ముందు నిలబడేది. తెచ్చి చాటలో పోసుకున్న మొదటి రోజే ఆమె వేళ్లు ఆగిపోయాయి. బియ్యంలో అక్కడక్కడా వేరే గింజలున్నాయి. మిగతావాటికంటే కొంచెం నునుపు, కొంచెం పాలిపోయిన రంగు. నీళ్లలో వేస్తే కొన్ని తేలాయి.

జమ్మలమడుగులో ఉన్న అక్క మసరత్‌కు ఫోన్ చేస్తే, మసరత్ వెంటనే ఒక వీడియో పంపింది. ఎవరో అలాంటి గింజలను నిప్పు మీద కాల్చి చూపిస్తున్నారు.

"అది ప్లాస్టిక్కు బియ్యం మే," అంది మసరత్. "పేగులకు అతుక్కుంటాదంట. మా వీధిలో అందరూ కడిగి తేలినయి పారబోస్తాండారు."

"తేలనివో?"

"వాటిని ఎవురు ఏరతారు? కంటికి ఆనొద్దూ."

యాస్మిన్ కంటికి ఆనుతాయి. అదే కదా ఆమె ఖర్మ. జమ్మలమడుగువాళ్లు తేలినవే పారబోశారు, ప్రొద్దుటూరువాళ్లు విసుగు పుట్టి అలాగే వండుకున్నారు. యాస్మిన్ మాత్రం దూదిలో నలుసు ఏరినట్టు ఒక్క గింజ మిగలకుండా ఏరింది. నడుము పట్టేసినా, పొయ్యి మీద ఎసరు మరిగి ఇంకిపోయినా లేచేది కాదు. పేదోళ్లకు ఇచ్చే బియ్యంలో ప్లాస్టిక్ కలిపే పాపిష్టివాళ్లు ఎవరైతే వాళ్ల నోట్లో మన్ను పడాలని తిడుతూ ఏరేది. ఏరినవి పారేయలేదు. ఎప్పుడో ఒకరోజు ఆఫీసర్ల ముందు కుమ్మరించి కడిగేయాలని ఒక ఊరగాయ సీసాలో పోసి అటక మీద దాచింది.

సుహానా పక్కనే కూర్చుని చూసేది. తర్వాత తనూ ఏరడం మొదలుపెట్టింది. తల్లి వేళ్లే బిడ్డకూ వచ్చాయి. గింజ ఏరి ఇస్తే బెల్లం ముక్క పెట్టేది యాస్మిన్. ఒక రోజు పిల్ల ఏరిన పచ్చి గింజలే నోట్లో వేసుకుంది. యాస్మిన్ వేలు పెట్టి గొంతుదాకా గీకి ఆ గింజలు బయటికి తీసింది.

"అది తింటే సచ్చిపోతావు. తెలిసిందా? తినకూడదు."

పిల్ల వెక్కుతూ తల ఊపింది. తెలిసింది.

నెల గడిచింది. ఆసుపత్రికి పోయే పొద్దున యాస్మిన్ అటక మీది సీసా దించి చేతిసంచిలో పెట్టుకుంది. తన బిడ్డకు తను ఏ లోటూ చేయలేదని, లోటంతా ఎక్కడుందో డాక్టరమ్మ కళ్లారా చూడాలని ఆమె ఉద్దేశం.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. "ఇంకా తగ్గిందే. ఏం పెడుతున్నావమ్మా అసలు?"

యాస్మిన్‌కు కళ్లు తిరిగినట్టయింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత కోపం వచ్చింది. ఏం పెట్టిందో, ఎలా పెట్టిందో గడగడా చెప్పి, సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"నన్ను అడగతాండారు గానీ మేడమ్, ఇది సూడండి. స్టోరు బియ్యంలో ఈ ప్లాస్టిక్కు కలిపి ఇస్తాండారు. ఒక్క గింజ నా బిడ్డ కడుపులోకి పోనీలేదు. అంతా ఏరి పెట్టినా."

డాక్టరమ్మ మూత తిప్పింది. గింజల మధ్యనుంచి నల్లటి ముక్కుపురుగు ఒకటి పాకుతూ సీసా అంచుకు వచ్చింది. దాని వెనక ఇంకొకటి. అడుగున పిండి రాలి ఉంది.

"ప్లాస్టిక్‌కు పురుగు పడుతుందా అమ్మా?" అంది డాక్టరమ్మ.

యాస్మిన్ వంగి పురుగును చూసింది.

డాక్టరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. అవి బియ్యప్పిండిలో ఇనుము, విటమిన్లు కలిపి గింజల్లాగా చేసినవట. రక్తం తక్కువున్న పిల్లలకు, తల్లులకు అందాలని మామూలు బియ్యంలో కొద్దికొద్దిగా కలుపుతారట. "వీటితోనే అంతా కుదురుకునేదని చెప్పను. కానీ నీ బిడ్డ తినేది అన్నం ఒక్కటే అంటున్నావు. దానిలో ఉన్న కాస్తా ఏరేశావు."

"నాకెవురు చెప్పినారు మేడమ్?" అంది యాస్మిన్.

"సంచి మీద రాసి ఉంటుంది కదమ్మా."

"నాకు సంచి యాడ సూపించినారు? బండోడు తూకం ఏసి నా తపేలాలో పోసి పోతాడు. నాకు చెప్పింది ఆ వీడియో ఒక్కటే."

డాక్టరమ్మ ఇంకో పదిహేను రోజులు గడువిస్తానని, సిరప్పు పండ్లరసంలో కలిపి తాపమని, ఆ తర్వాత మాత్రం ఏ మాటా విననని చెప్పి, పురుగు పట్టిన సీసా పారేయమంది. యాస్మిన్ పారేయలేకపోయింది. సంచిలో పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని ఎండలో నడిచింది. నిద్రలో ఉన్న పిల్ల బరువుగా ఉంటుందంటారు. సుహానా బరువే లేదు. దారిలో ఆమెకు తన వేళ్లను చూస్తే అసహ్యం వేసింది. ఏ మందుకైతే తను మార్కెట్లన్నీ తిరిగిందో, ఆ మందు ఇంట్లోకే నడిచి వస్తే గింజగింజా ఏరి పురుగులకు పెట్టింది.

మధ్యాహ్నం పులివెందులకు ఫోన్ చేసి ఇలియాస్‌కు చెప్పింది. తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండేది.

"బిడ్డ బాగుండల్లనే కదా ఏరినావు," అన్నాడు అతను. వెనక కుట్టుమిషన్ల చప్పుడు. "నువ్వు తింటాండావా?"

"తింటాండా మామా."

ఆ సాయంత్రం యాస్మిన్ చాట దించింది. అలవాటుగా వేళ్లు గింజల మీదికి పోయాయి. వెనక్కి తీసుకుంది. రాళ్లు మాత్రం చూసి, బియ్యాన్ని అలాగే కడిగి ఎసట్లో పోసింది. గడపలో కూర్చున్న సుహానా అంతా చూసింది.

ముద్దపప్పు కలిపి మొదటి ముద్ద నోటి దగ్గరికి తెస్తే పిల్ల పెదాలు బిగించింది.

"ప్లాస్టిక్కు తీయల్యా నువ్వు."

"అది ప్లాస్టిక్కు కాదు పాపా. మంచిదే. మేడమ్ చెప్పింది."

"తింటే సచ్చిపోతా. నువ్వే చెప్పినావు."

యాస్మిన్ బతిమాలింది. బెల్లం చూపించింది. కాకమ్మను పిలిచింది. కోపం ఆపుకోలేక దవడలు పట్టుకుని నోట్లో పెట్టబోతే, పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని గోడ దాకా జరిగిపోయింది. ఇంతకుముందు కార్జం వద్దంది, గుడ్డు వద్దంది, సిరప్పు వద్దంది. మిగిలింది ఈ ఒక్క అన్నం. అది కూడా తల్లే మాన్పించింది. యాస్మిన్ పళ్లెం నేలమీద పెట్టి ఏడ్చింది. మంచం మీద మాత్ర మింగుతున్న మైమూన్ లేచి వచ్చి పళ్లెం పక్కన నిలబడింది.

"పాపా, ఒక్క ముద్ద," అంది యాస్మిన్. "నేనెప్పుడైనా నీకు చెడ్డది పెడతానా?"

సుహానా వేళ్ల సందునుంచి చూసింది. "మరి నువ్వు తినవు కదా. దాంట్లో ప్లాస్టిక్కు ఉండాదనే నువ్వు ఎప్పుడూ తినవు."

మైమూన్ తల తిప్పి కోడలి మణికట్లకేసి చూసింది. గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి.

అందరికీ పెట్టాక గంజిలో ఉప్పేసుకుని తాగి, తిన్నానని చెప్పడం యాస్మిన్‌కు ఎంత అలవాటైందంటే, ఆ మాట అబద్ధమని కూడా మరిచిపోయింది. బిడ్డ మరిచిపోలేదు. రోజూ చూసింది, చూసి తనకు తోచిన అర్థం చెప్పుకుంది.

పళ్లెం దగ్గరికి లాక్కుంది. బిడ్డకు చూపించడానికి ఒక ముద్ద తిందామనుకుంది. వేడి అన్నం, పప్పు నాలుకకు తగిలేసరికి ఆమె చెయ్యి ఆమె మాట వినలేదు. రెండో ముద్ద తింది. మూడోది తింది. కన్నీళ్లు కారుతున్నా, ముక్కు కారుతున్నా ఆగలేదు. ఇంత ఆకలి తనలో ఉందని ఆమెకే తెలియదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిని, చేతికి అంటిన మెతుకులు కూడా నాకింది. మైమూన్ కుండ తెచ్చి పళ్లెంలో మళ్లీ అన్నం పెట్టింది.

సుహానా నోటి మీది చేతులు తీసింది. తల్లి ముఖం చాలాసేపు చూసింది. చచ్చిపోతుందేమోనని చూస్తోంది.

"నువ్వు తిన్నా సావల్యా," అంది చివరికి.

"సావల్యా పాపా," అంది యాస్మిన్.

పిల్ల గోడ దగ్గరనుంచి పాకుతూ వచ్చి, తల్లి ఒళ్లో కూర్చుని నోరు తెరిచింది.