చెన్నకేశవులు రాయి కాడికి

కృష్ణమ్మ చింతపండుతో బెల్టు బిళ్ళ తోముతోంది. మధ్యాహ్నం మంత్రిగారు వస్తారు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డుకు, తమ ఊరి దగ్గర, చచ్చిపోయిన ఆమె మగని పేరు పెడతారు. ఆయన హెడ్ కానిస్టేబులు. టోపీ, బెల్టు బల్ల మీద పెట్టి పూలు వేస్తారట.

"అద్దం మాదిరి మెరవల్ల," అంది అత్త పుల్లమ్మ గడపలో కూర్చుని.

కృష్ణమ్మ తోమింది. ఆ బిళ్ళ అంచు ఎక్కడ పదునుగా ఉంటుందో చేతికంటే ఆమె వీపుకు బాగా తెలుసు.

కాపురానికి వచ్చిన ఏడాదే జనాభా లెక్కలాయన వాకిట్లో నిలబడి ఇంటి యజమాని పేరు అడిగాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎండన పడి వచ్చిన మనిషి. ఆమె చెప్పేసింది. ఆ సంగతి పక్కింటి నుంచి స్టేషనుకు పోయింది. స్టేషను నుంచి బెల్టు ఇంటికి వచ్చింది. "పొద్దున మొగుని పేరు పలుకుతావు, సాయంత్రం మొగున్నే రారా అంటావు," అన్నాడు కొడుతూనే. అత్త ఆ రాత్రి వీపుకు వెన్న రాస్తూ, "నువ్వు పలికితే వాని ఆయుస్సు తగ్గుతాది గదే," అంది. ఆనాటి నుంచి కృష్ణమ్మ ఆ పేరు ఎత్తలేదు. గుళ్ళో దేవుడిదీ అదే పేరు కాబట్టి దేవుణ్ణి కూడా "ఆ సామి" అనే మొక్కేది. ఎత్తకపోయినా ఆయుస్సు తగ్గింది. కిందటేడు రెండు కక్షలవాళ్ళు కొట్టుకుంటుంటే అడ్డం పోయి ఈటె పోటుకు చచ్చాడు. ధైర్యంగానే చచ్చాడు, కాదనడానికి లేదు. ఊరంతా ఏడ్చింది. ఏడ్వడానికి వచ్చినవాళ్ళందరికీ ఆమె సంగటి కెలికింది.

సభలో మంత్రిగారు "అబలలకు అండ" అన్నారు. బిళ్ళ ఎండలో మెరిసింది. ఆమె ముందు మైకు పెట్టి, "మీ ఆయన పేరు ఒక్కసారి చెప్పు తల్లీ," అన్నారు. కృష్ణమ్మ నోరు తెరవలేదు. పతివ్రత అని జనం చప్పట్లు కొట్టారు. రోడ్డు పక్కన పేరు చెక్కి నాటిన రాయి మీద గుడ్డ తీశారు. ఆ రోజు నుంచి వాళ్ళ ఊరి బస్సు స్టేజీ చెన్నకేశవులు రాయి అయింది.

పై అధికారులు జమ్మలమడుగు ఆస్పత్రిలో ఆయా పని ఇప్పించారు. అధికారుల మాటకు పుల్లమ్మ కాదనలేదు. ఆమె వెళ్తే నీళ్ళెవరు మోస్తారు, బర్రెల కింద పేడెవరు తీస్తారు, కాళ్ళెవరు పిసుకుతారు అనీ అనలేదు. సోమవారం తెల్లవారుజామున నవ్వుతూ ఒక్క మాటే అంది. "పో, పో. వచ్చేటప్పుడు టిక్కెట్టు ఏమని అడుగుతావే? దినామూ నీ ఎంబడి నేను రావల్లనా?"

సాయంత్రం తిరుగు బస్సులో కండక్టరు కమాల్ బాషా అడిగాడు. "యాడికక్కా?"

"రాయి కాడికి."

"ఏ రాయి? ఈ తట్టు రాళ్ళు గాక ఇంకేముండాయి?"

బస్సంతా నవ్వింది.

"ఆ పోలీసాయన రాయి."

"పేరు చెప్పక్కా. లేకుంటే ప్రొద్దుటూరికే కొట్టేస్తా టిక్కెట్టు."

వెనక నుంచి వాళ్ళ ఊరి వెంకటరమణయ్య కలగజేసుకున్నాడు. "ఆయప్ప పెండ్లామే ఈయమ్మ. పలకదు. నేను చెప్తా, రాసుకోప్పా..."

"చెన్నకేశవులు," అంది కృష్ణమ్మ.

వీపు దానంతటదే బిగుసుకుంది. కాచుకుంది. బస్సు గతుకుల్లో పోతూనే ఉంది. "అట్ల చెప్పల్ల," అని కమాల్ బాషా టిక్కెట్టు చించిచ్చి వెనక సీటుకు పోయాడు. సంతోషం ఏమన్నా ఉందేమోనని లోపల వెతుక్కుంది. లేదు. బాధా లేదు. ఏదో ఒక ఊరి పేరు చెప్పినట్టుంది, అంతే.

పుల్లమ్మ రాయి దగ్గరే నిలబడి ఉంది. ఎట్లా దిగుతుందో చూద్దామని వచ్చింది. కృష్ణమ్మ దిగి, రాయి మీద చెయ్యి ఆనించి కాల్లో ముల్లు తీసుకుంది.

"ఎవురు జెప్పినారే టిక్కెట్టుకు?"

"నేనే."

పుల్లమ్మ రాయి మీది పేరు వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

"రేపు గూడా తెల్లారకముందే పోవల్ల," అంది కృష్ణమ్మ ముల్లు పారేసి. "సంగటి నువ్వే కెలుక్కో అత్తా."