పీపా అడుగున ఉప్పునీళ్లు

ఏడుంబావుకి దుకాణం తలుపు తీశాను. వీధిలోకి దిగే ఆరు రాతిమెట్లూ అద్దాల్లా మెరుస్తున్నాయి.

రాత్రి మంచు కురవలేదు. నిన్న సాయంత్రం నేనే ఆ మెట్లు గీకి, పొడిగా తుడిచి పడుకున్నాను.

పక్కగుమ్మంలో మా అత్తగారు త్సోంక ఖాళీ రాగి బిందెతో నవ్వుతూ నిలబడి ఉంది.

"నీళ్లు పోశానే రుమ్యానా! ఇవాళ బేరం నీళ్లలా గలగలా సాగిపోవాలని."

పరీక్షకు వెళ్లే పిల్లల ముందు, ప్రయాణమయ్యే వాళ్ల ముందు ఇక్కడ అందరూ అలాగే పోస్తారు. కానీ సున్నాకి నాలుగు డిగ్రీలు కిందికి పోయిన పొద్దున ఎవరూ పొయ్యరు.

"అత్తయ్యా, ఎనిమిదింటికి గ్రదెవ్ వస్తాడు!"

ఆవిడ నవ్వు మాయమైంది.

గ్రదెవ్ మునిసిపల్ ఇన్‌స్పెక్టరు. రెండు వారాల క్రితం ఉత్తరాలు తెచ్చే ఆవిడ ఈ మెట్ల మీదే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. మళ్లీ ఇక్కడ మంచుగడ్డ కనిపిస్తే సోమవారం దాకా తలుపుకి సీలు వేస్తానని ఆయన రాసిచ్చి వెళ్లాడు. సోమవారం నుంచి ఉపవాసాలు. ఈస్టర్ దాకా ఏడు వారాలు మా వీధిలో చీజ్ ముట్టేవాళ్లుండరు. రేపు రాత్రి ప్రతి ఇంట్లో చీజ్ కూరి కాల్చిన బానిత్స రొట్టె ఉండాల్సిందే కాబట్టి అందరూ ఇవాళే కొంటారు. లోపల పదకొండు పీపాల తెల్ల చీజ్ ఉంది. ఇవాళ తలుపు మూతపడితే, మా చలికాలం కష్టమంతా పందుల పాలే.

"వేడినీళ్లు పోద్దామా?" అంది అత్తయ్య.

"ఎందుకూ, ఇంకో పొర అద్దం వెయ్యడానికా?"

గడ్డని కరిగించేది ఉప్పే. మా ఉప్పు బస్తాలు కొండ అవతల పాలశాలలో, నా భర్త దగ్గరున్నాయి. మూలనున్న కొట్టుకి పరిగెత్తాను.

"ఉప్పా? నిన్ననే అయిపోయిందమ్మా. ఊరంతా తినడం మానేసి మెట్ల మీదే చల్లుకుంటోంది" అన్నాడు కొట్టాయన.

తిరిగొచ్చి పారతో కొట్టాను. రాయి పెచ్చు ఊడింది కానీ గడ్డ కదల్లేదు. ఏడూ నలభై. ఇక చేసేదేం లేక గడప మీద కూలబడ్డాను.

లోపల్నుంచి పుల్లటి వాసన వచ్చింది. నిన్న ఖాళీ అయిన రెండు పీపాలు. చీజ్ నానిన ఉప్పునీళ్లు ఇంకా వాటి అడుగునే ఉన్నాయి. వేలికి గాయమైతే భగ్గుమని మండించే నీళ్లు. వాటిని ఎప్పుడూ కాలవలో పారబోస్తాం.

"అత్తయ్యా, బకెట్!"

పై మెట్టు నుంచి కింది దాకా పోశాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత చిటపటమని చిన్న చప్పుడు. మెరుపు తగ్గింది, గడ్డ అడుగుకి తడి పాకింది. ఈసారి పార మొన దూర్చితే గడ్డ అప్పడాల్లా పెచ్చులుగా లేచింది. పెచ్చుల్నీ నీళ్లనీ చీపురుతో కాలవలోకి తోసేశాను. అత్తయ్య పొయ్యిలోంచి చల్లారిన బూడిద తెచ్చి, కాలు జారకుండా, రొట్టె పీట మీద పిండి చల్లినట్టు చల్లింది.

ఎక్కణ్ణుంచి వచ్చాయో మూడు పిల్లులు మెట్లు నాకడం మొదలెట్టాయి.

"ఛీ, పొండే! మీ అమ్మ కడుపు కాలా!" అని అత్తయ్య చీపురు తిప్పింది.

ఎనిమిదికి మూడు నిమిషాలుండగా గ్రదెవ్ మలుపు తిరిగాడు. మొదటి మెట్టెక్కాడు. రెండోది. మూడో మెట్టు మీద ఆగి, మడమతో గట్టిగా రుద్దాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన వంగి వాసన చూశాడు.

"ఏంటిది? మెట్లు కూడా చీజ్‌తోనే కట్టారా?"

"పీపాలో మిగిలిన ఉప్పునీళ్లు సారూ. పైన పొయ్యి బూడిద."

"పైసా ఖర్చు లేదన్నమాట!" చేతిలోని నోటీసుల పుస్తకం మూసి కోటు జేబులో పెట్టుకున్నాడు. "మా ఆఫీసు గుమ్మం ముందు నిన్న నేనే పడ్డాను. ఒక బకెట్ అటు పంపించండి. ముందు రెండు కిలోలు కట్టమ్మా. ఖాళీ చేతుల్తో వెళ్తే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు."

బిగబట్టిన ఊపిరి నవ్వై బయటికొచ్చింది.

మధ్యాహ్నానికి ఎనిమిది పీపాలు ఖాళీ. వరుస ఇంకా మెట్ల కింద దాకా ఉంది. ఒక్కరూ జారలేదు.

రేపు సాయంత్రం చిన్నవాళ్లం పెద్దవాళ్ల చెయ్యి ముద్దుపెట్టుకుని, ఏడాదంతా చేసిన తప్పులకి క్షమించమని అడగాలి. అది మా ఆచారం. అత్తయ్య మాత్రం బల్ల వెనక్కి వచ్చి ఉప్పునీళ్లలో నానిన నా చెయ్యి పట్టుకుంది.

"రేపటిదాకా ఆగలేనే పిల్లా. ఈసారి ముందు నువ్వే నన్ను క్షమించు."

"ఎప్పుడో క్షమించేశాను. ఆ బిందె మాత్రం ఇటివ్వండి. మంచు కరిగాక ఇస్తాను."