పదిహేడో నంబరు కళ్ళు తిరుగుడు

బోధనాసుపత్రి రెండో అంతస్తులో ఇన్‌స్పెక్టరుకు పేరు లేదు. అక్కడ ఆయన పదిహేడో నంబరు. మోకాళ్ళ నొప్పికి కొత్తగా తయారుచేసిన బిళ్ళను అక్కడ పరీక్షిస్తున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ. ఎవరికేది పడిందో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చే సిస్టరుకీ తెలియదు. ముప్పై నాలుగేళ్ళు తూనికలు కొలతల శాఖలో దొంగ తూకాలు పట్టుకున్న మనిషికి ఈ పద్ధతి తెగ నచ్చింది.

"నాకు సున్నం బిళ్ళే పడుంటుందమ్మా. నా అదృష్టం నాకు తెలీదూ?" అన్నాడు మొదటిరోజే.

"మీ మోకాళ్ళనడగండి బాబాయ్ గారూ, అవే చెప్తాయి" అని నవ్వింది సిస్టరు.

రోజూ సాయంత్రం ఆరింటికి ఆసుపత్రివాళ్ళిచ్చిన ఫోను మోగేది. అందులో డైరీ ఉంటుంది. నొప్పి ఎంత, బిళ్ళ వేసుకున్నారా, కొత్త ఇబ్బంది ఏమైనా ఉందా? మొదటి నెల ఉన్నదున్నట్టు రాశాడు. నొప్పి తగ్గుతోందనే రాశాడు. దాంతో ఒక్కరూ పలకరించలేదు. బాగున్నవాడితో ఎవరికేం పని?

భార్య పోయి మూడేళ్ళు. కూతురు ఆదివారం ఫోను చేసి, "తిన్నావా నాన్నా? సరే, ఉంటా" అని మూడు ముక్కల్లో తేల్చేస్తుంది. మిగతా ఆరు రోజులూ ఆ ఇంట్లో నోరు విప్పేది కుక్కరొక్కటే, అదీ మూడు కూతలే.

ఒక సాయంత్రం కుర్చీలోంచి దిగ్గున లేచేసరికి నిజంగానే కళ్ళు తిరిగాయి. డైరీలో రాశాడు. మర్నాడు పదింటికల్లా సిస్టరు ఫోను.

"పడిపోలేదు కదా బాబాయ్ గారూ? పొద్దున ఏం తిన్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?"

కొత్త ఇబ్బంది రాస్తే మర్నాటికల్లా కనుక్కోవాలన్నది వాళ్ళ నియమం. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా, పక్కన ఎవరైనా ఉన్నారా అని ఆయన్ని ఎవరూ అడిగి చాలా కాలమైంది.

ఆ తర్వాత వారానికోసారి కళ్ళు తిరిగాయి. ఆపైన రెండుసార్లు. నిజానికి ఆయన కళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫోను వచ్చే రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాడు, చూడొచ్చే పెళ్ళివారెవరో ఉన్నట్టు. సిస్టరు అడగాల్సినవన్నీ అడిగి, తన పాప చెవిపోటు సంగతి కూడా చెప్పేది. మొత్తం పది నిమిషాలు.

మూడో నెల ఆసుపత్రి వరండాలో ఆయన పక్కన ఒకావిడ కూర్చుంది. హాస్టల్లో వంట చేస్తుందట, అదే పరీక్షలో ఉందట.

"నాలుగేళ్ళ తర్వాత మెట్లెక్కి వచ్చానన్నయ్యా" అంది సంబరంగా. అంతలోనే మొహం ముడుచుకుంది. "ఇప్పుడు ఆపేస్తారేమోనట. ఎవరో మహానుభావుడికి ఒకటే కళ్ళు తిరుగుతున్నాయట. ఎల్లుండి పెద్ద డాక్టర్లు కూర్చుంటారని ఆయా చెప్పింది. ఆపేస్తే నా గతేంటి?"

ఆ మహానుభావుడు తనేనని ఇన్‌స్పెక్టరుకు అర్థమైంది. నోరు మూసుకుంటే ఈవిడ మోకాళ్ళు పోతాయి. నోరు తెరిస్తే పదింటి ఫోను పోతుంది. దొంగ రాళ్ళు పెట్టిన కొట్టువాళ్ళను ఆయన నడిబజారులో నిలబెట్టి కడిగేసేవాడు. ఎందుకిలా చేశావని ఒక్కణ్ణీ అడిగిన పాపాన పోలేదు.

లోపలికెళ్ళి, కూర్చోకుండానే చెప్పేశాడు. "అమ్మా, మొదటిసారొక్కటే నిజం. మిగతావన్నీ నా కల్పన."

సిస్టరు కలం ఆగిపోయింది. "పదకొండుసార్లు బాబాయ్ గారూ! ఎందుకు?"

"నువ్వు ఫోను చేస్తావని."

ఆమెకు కోపమూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. "ఇది నేను రాయాలి. మిమ్మల్ని పరీక్షలోంచి తీసేస్తారు. బిళ్ళలు కూడా ఆపేస్తారు."

"రాయమ్మా. ఉన్నదున్నట్టు రాయి." ఆయన ఆసుపత్రి ఫోనూ, బిళ్ళల సీసానూ బల్ల మీద పెట్టేశాడు.

"ముప్పై రోజులకు ఒక్క ఫోను చేస్తాను. మానేసిన ప్రతివాళ్ళకీ చేయాలి" అంది కళ్ళు తుడుచుకుంటూ.

క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టాడు. పదో రోజుకు మోకాళ్ళు సలపడం మొదలైంది. ఇరవయ్యో రోజుకు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అంటే ఆయనకు పడింది అసలు మందేనేమో.

ముప్పయ్యో రోజు పదింటికి ఫోను వచ్చింది.

"కళ్ళు తిరిగాయా బాబాయ్ గారూ?"

"లేదమ్మా."

"మోకాళ్ళు?"

"మళ్ళీ మొదటికొచ్చాయి. నాది సున్నం బిళ్ళ కాదన్నమాట."

"నాకూ తెలియదండీ."

"ఆ వంటావిడ ఎలా ఉంది?"

"ఒకళ్ళ సంగతి ఇంకొకళ్ళకు చెప్పకూడదు" అని గొంతు తగ్గించింది. "వచ్చినప్పుడు లిఫ్టు దగ్గర మాత్రం కనపడటం లేదు."

ఆయన నవ్వాడు. పాప చెవిపోటు గురించి అడిగాడు. తగ్గిందంది. ఇక చివరి ప్రశ్న మిగిలింది.

"కొత్త ఇబ్బంది ఏమైనా ఉందా బాబాయ్ గారూ?"

ఇస్త్రీ చొక్కాలో, నున్నటి గడ్డంతో ఆయన ఖాళీ గదిని ఒకసారి చూశాడు.

"కొత్తదేమీ లేదమ్మా" అన్నాడు.