మధ్య సీటు

పెట్రోలు ఇంజను తీసి నేల మీద పెట్టాక, బండి ముందు భాగం బోసినోరులా మిగిలింది. నా పెళ్ళైన ఏడాది కొన్న పికప్ అది. ముప్ఫై ఏళ్ళుగా తలుపు చెక్కలు మోసింది. ఈ మధ్య కాస్త ఎత్తు ఎక్కమంటే చాలు, మూలిగేది. తలుపులు బిగించే వడ్రంగికి బండి లేకపోతే పని లేదు.

మెకానిక్ మా బామ్మర్దే. తుక్కుకి వేసిన వ్యానులోంచి తెచ్చిన డీజిల్ ఇంజనును గొలుసుకి వేలాడదీసి, నా వైపు తిరిగాడు.

"బావా, ఒక మాట. దీని గేరు పాతదానిలా స్టీరింగు పక్కన రాదు. నేలలోంచి పైకొస్తుంది, సరిగ్గా సీటు మధ్యకి."

"అక్కడ మీ అక్క కూర్చుంటుంది."

"కిటికీ పక్కన బోలెడంత చోటుంది కదా!"

బండిలో ఉన్నది ఒకటే పొడుగాటి సీటు. ఇద్దరమే ఉన్నా ఆమె కిటికీ వైపు పోదు, నా పక్కనే కూర్చుంటుంది. మలుపు తిరిగినప్పుడల్లా ఆమె భుజం నా భుజానికి ఆనుతుంది. రోజంతా ఎవరెవరి ఇళ్ళలోనో నడుం వంచి పనిచేసి వచ్చేవాడికి ఆ బరువు చాలు. ఇంట్లో మాటలు ఎప్పుడో తగ్గిపోయాయి. ఆ జానెడు చోటు కూడా పోతే ఇక మిగిలేదేమిటని భయం వేసింది.

"గేరు రాడ్డు వంచు," అన్నాను.

"వంచితే గేరు సరిగ్గా పడదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!"

"వంచరా."

మూడు రోజులు పట్టింది. ఎర్రగా కాల్చి వంచాడు. సరిపోలేదు, మళ్ళీ కాల్చాడు. ఆమె మోకాళ్ళు ఎక్కడికి వస్తాయో నేను సీటు మీద సుద్దముక్కతో గీసి చూపించాను.

"పెళ్ళినాడు కూడా అక్కని ఇంత పరీక్షగా చూసి ఉండవు," అన్నాడు వాడు.

చివరికి రాడ్డు కొంకిలా నా వైపు తిరిగి నిలబడింది. మూడో గేరు వెయ్యాలంటే మణికట్టు మెలితిప్పాలి. ఫరవాలేదనుకున్నాను.

బండి ఇంటి ముందు ఆపి పిలిచాను. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.

"ఇలా జరుగు. నీకోసమే రాడ్డు పక్కకి తిప్పించాను."

ఆమె రాడ్డు వంక చూసింది. సుద్ద గీతల వంక కూడా చూసింది.

"నేను మధ్యలో కూర్చుని ఆరేళ్ళైంది," అంది.

నవ్వబోయి ఆగాను. ఆమె వేళాకోళం ఆడటం లేదు.

"ఒకరోజు మధ్యలో మేకుల పెట్టె పెట్టారు. సరే అని ఇటు కూర్చున్నాను. మర్నాడు పెట్టె తీసేశారు. నేను జరగలేదు. మీరు పిలుస్తారేమో చూద్దామనిపించింది. ఓ రెండు నెలలు చూశాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, అలవాటైపోయింది. ఇక్కడ గాలి బాగా తగులుతుంది."

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆరేళ్ళు. ఎన్ని మలుపులు గుర్తు తెచ్చుకున్నా, ప్రతి మలుపులోనూ నా భుజం మీద ఆ బరువు ఉంది. ఆ జ్ఞాపకం ఎంత నమ్మకంగా పనిచేసిందంటే, పక్కన మనిషి ఉందో లేదో చూసుకోవాల్సిన అవసరమే నాకు రాలేదు. అలిసిపోయి చూడలేదని సర్దిచెప్పుకోబోయాను. రెండు నెలలు కనిపెట్టుకుని కూర్చోవడం కూడా అలసటే కదా.

"ఇప్పుడు పిలుస్తున్నాను," అన్నాను.

ఆమె ఆలోచించింది. మాటవరసకి కాదు, నిజంగానే ఆలోచించింది.

"వద్దులెండి. గేరు వేసినప్పుడల్లా మోచెయ్యి తగులుతుంది. పోనివ్వండి."

పోనిచ్చాను. డీజిల్ మోతలో ఇద్దరికీ మాట్లాడే పని తప్పింది. మూడో గేరు దగ్గర మణికట్టు కలుక్కుమంది. ఆమె చూడనే చూసింది.

"దాన్ని తిన్నగా చేయించండి. చెయ్యి పడిపోతే ఉలి ఎలా పట్టుకుంటారు?"

మర్నాడు బామ్మర్ది షెడ్డుకి వెళ్ళి, రాడ్డు తిన్నగా చెయ్యమన్నాను.

"నేను చెప్పలా! అక్క తిట్టిందా?"

"లేదురా," అన్నాను. "తిట్టలేదు."

వాడు ఇంకేదో అనబోయి, నా ముఖం చూసి, మంట వెలిగించాడు.