దొరవారి చివరి ఉత్తరువు

కనుమ మలుపులో మొసుకే తాత కాలు జారింది. పల్లకీ జానెడు కుంగింది, అంతే. దివాను కుగిమియా గుర్రం దిగి, కత్తి ఒరతో ముసలాడి భుజం ఎముక విరగ్గొట్టాడు.

"దొరవారికి కుదుపు తగిలింది! క్షమాపణ అడగండిరా!"

ముప్ఫైమందిమి బురదలో నుదుళ్ళు ఆనించాం. పల్లకీలోంచి తిట్టు లేదు, దగ్గు కూడా లేదు.

ఇవాబుచి నోరిసుమి పిట్టంత సంస్థానానికి దొర. ఎనిమిదో ఏటే గద్దెనెక్కాడు. ఏడాది మా కొండల్లో, ఏడాది ఎడో నగరంలో దేశమేలే షోగన్ గుమ్మం ముందు. పెళ్ళాం ఎప్పుడూ అక్కడే తాకట్టు. ఆయనా బందీయే, నాకు జాలేసేది. కానీ కరువు ఏడాది పండిన పది కొలతల వడ్లలో ఆరు పట్టుకుపోయిందీ ఆ బందీయే. ఆ చలికాలం మా ఊళ్ళో నలభై ఒక్క శవాలు లేచాయి. మా అమ్మనీ చెల్లెల్నీ కూడా బొంగుకు కట్టి కొండెక్కించాం.

అందుకే మా భుజాలకు తెలిసిపోయింది. బతికున్న మనిషి మలుపు రాగానే తనంతట తాను సర్దుకుంటాడు. చచ్చినవాడు జారి ఓ పక్కకు కొట్టుకుంటాడు. ఆ దెబ్బ ఇప్పటికీ నిద్రలో నా భుజానికి తగులుతుంది.

మధ్యాహ్నం వాగు దగ్గర ఆగాం. మూటలు మోసే ఓత్సునే నా పక్కన కూర్చుంది. కరువు ఆమె మొగుణ్ణి మింగింది. ఇంట్లో మగదిక్కు లేదని ఆమెనే వెట్టికి లాక్కొచ్చారు.

"లోపల శవమే కదూ, యసొజీ?"

"శవమే వదినా. ఉప్పులో పెట్టారు."

నాతోపాటు పల్లకీ మోసే గెంపాచి పళ్ళు కొరికాడు. "వారసుడు లేకుండా దొర పోతే షోగన్ సంస్థానం లాగేసుకుంటాడు. అందుకే ఎడోలో దత్తత కాగితం ఖాయమయ్యేదాకా ఈ నాటకం. ముందు షోగన్ ఠాణా ఉంది. అక్కడ అరిచి చెప్పేద్దాం! ఈ కత్తుల నాయాళ్ళు వీధినపడి అడుక్కుతినాల!"

"తర్వాత? ఇంకో దొరొస్తాడు. ఆడేమన్నా మన మేనమామా?" అంది ఓత్సునే. "మనూళ్ళో వరి కోతకొచ్చి నిలబడింది. పది రోజుల్లో మంచు పడుద్ది. పంట పోతే ఈ ఏడు మోసేవాళ్ళు కూడా మిగలరు. మనం ఇళ్ళకి పోవాల."

"ఎవరు పొమ్మంటారు?" అన్నాడు గెంపాచి.

"దొరవారే. బతికుండగా మన మాట ఒక్కనాడన్నా ఇన్నాడా? ఇప్పుడు ఇంటాడు."

ఠాణా కనుచూపు మేరలోకి రాగానే నడిరోడ్డు మీద పల్లకీ దించేశాం. అందరం ఒక్కసారే దించాం. కుగిమియా కత్తి దూశాడు.

"ఎవడ్రా ముందు దించింది?"

ఓత్సునే లేచింది. "కోతలకి సగంమందిని ఇంటికి పంపమని దొరవారినే అడుగుతాం, అయ్యా. తలుపు తియ్యండి."

ఠాణా భటులు ఇటే చూస్తున్నారు. కుగిమియా మొహం పాలిపోయింది. మోకాళ్ళ మీద కూలబడి, పల్లకీ తలుపుకు చెవి ఆనించాడు.

"దొరవారు... సరే అన్నారు."

"ఈ ఒక్క ఏడాదా, ఏటేటానా?" అంది ఓత్సునే.

"ఏటేటా."

"పదిలో మీ కొలతలెన్ని?"

"అయిదు."

"మాకు ఇనపడలేదయ్యా. రాసి ముద్ర వెయ్యమనండి."

కుగిమియా రాసి దొరవారి ముద్ర వేశాడు. సగంమంది ఆ కాగితంతో, మొసుకే తాతతో వెనక్కి మళ్ళారు. తాత చోట దండె కింద ఓత్సునే భుజం పెట్టింది. "నువ్వూ పో వదినా," అన్నాను. "నాకు కొయ్యడానికి పొలమేదీ?" అంది.

దత్తత ఖాయమైంది. అప్పుడు దొర పోయాడని చాటించారు. వసంతంలో ఓత్సునేని పట్టుకుపోయి, దొర మీద పుకార్లు పుట్టించిందని తల నరికి ఊరి పొలిమేరలో గడకు గుచ్చి నిలబెట్టారు. మేం తిండి గింజలు మిగిలిన ఇళ్ళలోంచి ఆ తలను చూశాం. అన్నం తిన్న ప్రతిసారీ ఏడ్చాం.

మళ్ళీ కోతలొచ్చాయి. ఎడో ప్రయాణానికి అందరూ రావాలని వెట్టి డప్పు మోగింది. ఏడు ఊళ్ళు కోట తలుపు ముందుకొచ్చి కూర్చున్నాయి.

"మీ నాయకుడెవడు?" అని గర్జించాడు కుగిమియా.

గెంపాచి కాగితం పైకెత్తాడు. "పాత దొరవారే, అయ్యా. ఇది ఆయన ఉత్తరువు. చెల్లదంటారా? అయితే దీని మీద ముద్ర పడిన రోజుకి ఆయన బతికున్నాడో లేడో తమరే చెప్పండి."

కుగిమియా కత్తి పిడి మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. మేం కదల్లేదు.