కోపమైనా మిగల్లేదు

మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చిన మూడో ఏడు, తొంభై నాలుగులో, కరుణాకుమారికి భర్త మీద కోపం రావడం ఆగిపోయింది. మొదట్లో ఆమె దాన్ని శాంతం అనుకుంది.

భర్త శౌరి సినిమాలకు ఎడిటరు. ఫిల్మ్‌నగర్‌లో వాలు మీద కట్టిన అద్దె ఇల్లు. ఆయన పొద్దున్నే వెళ్తే ఎప్పుడు వస్తాడో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో కరుణ, మంచం పట్టిన అత్తగారు తెరెసా. పిల్లలు కలగలేదు. ఆ మాట భార్యాభర్తలిద్దరూ ఎత్తేవారు కారు.

శౌరి చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు. పెట్టింది తింటాడు, ఏం కూరో చూడకుండా. రోజంతా జరిగినవన్నీ ఆయనకు చెప్పాలని కరుణ ఒకప్పుడు మనసులో దాచుకునేది. ఒకసారి ఆమె చెబుతుండగానే ఆయన నిద్రపోయాడు. అప్పటినుంచి దాచుకోవడం మానేసింది. ఆ సంగతి ఆయన గమనించలేదు.

ఒకరోజు కరుణ అత్తగారి తల దువ్వుతుంటే, తెరెసా అడిగింది.

"ఒంట్లో బాగుండటం లేదా కరుణా?"

"బాగానే ఉన్నాను అత్తయ్యా."

"మరి దువ్విన చోటే దువ్వుతున్నావేంటమ్మా?"

కరుణ చెయ్యి ఆగింది. తర్వాత పాయ మార్చి దువ్వింది.

ఆ శనివారం అత్తగారిని చూడమని పక్కింటి శ్యామలాదేవికి చెప్పి కూరగాయలకు బయల్దేరింది. బస్సు వచ్చి ఆగితే, ఎక్కడికో చూడకుండా ఎక్కేసింది. టోలిచౌకిలో దిగింది. ఎండ మండిపోతోంది. జాకెట్టు ముక్కలు అమ్మే ఒక చిన్న దుకాణం నీడలో నిలబడితే, దాన్ని నడిపే అమ్మాజీ అనే ముసలామె పలకరించింది.

"ఏం గావాలమ్మా?"

ఆ ప్రశ్న తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో కరుణకు గుర్తు రాలేదు.

"గట్ల నిలబడ్డవేంది? జర లోపలికొచ్చి కూసో" అని అమ్మాజీ మంచినీళ్ళిచ్చింది. కరుణ తాగింది. ఏడుపు వస్తే బాగుండును అనిపించింది. రాలేదు. ఎండ వాలేదాకా అక్కడే కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి శౌరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. శ్యామలాదేవి ఎడిటింగ్ రూముకు ఫోన్ చేసి పిలిపించిందట.

"ఎక్కడికెళ్ళావ్? అమ్మకి మందెవరిస్తారు?"

"రెండింటికివ్వాలి. మీకు తెలియదు కదండీ" అంది నెమ్మదిగా. "మొన్న మన పెళ్ళిరోజు మీరు మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను. మీ మీద కోపం కూడా రావడం లేదు."

"కోపం లేకపోతే మంచిదేగా?"

లోపలి మంచం మీంచి తెరెసా గొంతు వినిపించింది.

"మంచిది కాదురా. మీ నాన్న పోవడానికి ముందు పదేళ్ళు నాకు ఆయన మీద కోపం రాలేదు. అందరూ నన్ను ఓర్పుగల మనిషన్నారు. మోడైపోయానని ఎవరికీ తెలియలేదు. కరుణని కొన్నాళ్ళు వాళ్ళక్క దగ్గరికి పంపించు."

మర్నాడు శౌరి కరుణను మోతీనగర్‌లో ఆమె అక్క ఇంట్లో దిగబెట్టాడు.

అక్కడ ఆమె రెండు రోజులు దాదాపు నిద్రలోనే గడిపింది. తొమ్మిదో రోజు శౌరి వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"అమ్మకి పగలు ఒక ఆయాని పెట్టాను" అన్నాడు. "వస్తావా?"

"వస్తాను. కానీ మునుపటిలా ఉండలేనండీ. ఎక్కడైనా బడిలో చేరతాను."

ఆయన తలూపాడు. ఇంకేదైనా అంటుందేమోనని చూశాడు. ఆమె సంచీ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

జూన్‌లో కరుణ రహమత్ నగర్‌లో ఒక బడిలో టీచరుగా చేరింది. పిల్లలు వెళ్ళిపోయాక ఖాళీ తరగతి గదిలో కాసేపు ఊరికే కూర్చునేది. ఆ సమయం తనది. శౌరి వారానికి రెండుసార్లయినా పొద్దు ఉండగా వచ్చేవాడు. ఇద్దరూ వాకిట మెట్ల మీద కూర్చునేవారు. ఆయన ఏదో ఒకటి అడిగేవాడు, ఆమె చెప్పేది. కొత్తగా పరిచయమైనవాళ్ళలా మాట వెతుక్కుంటూ, ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.